మెదడు రిసెప్టర్ జన్యువుకు క్రోమోజోమ్ మీద చిరునామా కనుక్కోవడం: డీఆర్‌డీ2తో మొదటి నుంచి చివరి దాకా

డోపమైన్ అనే మెదడు రసాయనం సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లను డోపమైన్ రిసెప్టర్లు అంటారు. వాటిలో డీ2 రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు పేరు డీఆర్‌డీ2. మనిషిలో అది 11వ క్రోమోజోమ్ పొడుగు భుజం మీద, 11క్యూ23.2 దగ్గర ఉంటుంది. ఇంతమాత్రం తెలుసుకోవడానికి ఫోన్ తీస్తే చాలు. అందుకే వరంగల్‌లో ఎమ్మెస్సీ పిల్లల ముందు ఈ పాఠం ఎత్తుకోగానే ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, కంప్యూటర్ల కొడితే వచ్చేస్తది గదా, మళ్ల ల్యాబ్ల చేసుడెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. 1989లో ఈ జన్యువును మ్యాప్ చేసినప్పుడు దాంతోపాటే ఒక డీఎన్‌ఏ తేడా బయటపడింది. అది డీఆర్‌డీ2దేనని 2004 దాకా అనుకున్నారు. తీరా చూస్తే పక్క జన్యువుది. ఆ కథ కింద వస్తుంది. చెప్పొచ్చేదేమంటే, చిరునామా దొరకడం వేరు, అది ఎంత దూరం వరకు నిజమో తెలియడం వేరు. ఈ మార్గదర్శి రెండో పని కోసం. కాకతీయ యూనివర్సిటీలోనో దాని అనుబంధ కాలేజీల్లోనో జువాలజీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్ చదివేవాళ్లనూ, మెడికల్ పీజీలనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మొదటి సగానికి ల్యాప్‌టాప్, మామూలు నెట్ ఉంటే సరిపోతుంది. రెండో సగానికి ల్యాబ్ కావాలి.

చిరునామా చదవడం

క్రోమోజోమ్‌కు పొట్టి భుజం పీ, పొడుగు భుజం క్యూ. రంగు వేస్తే క్రోమోజోమ్ మీద కనిపించే అడ్డపట్టీలు బ్యాండ్లు. వాటి నంబర్లు సెంట్రోమియర్ (రెండు భుజాలూ కలిసే చోటు) దగ్గర మొదలై కొసల వైపు పెరుగుతాయి. 11క్యూ23.2 అంటే 11వ క్రోమోజోమ్, క్యూ భుజం, 2వ ప్రాంతం, 3వ బ్యాండ్, అందులో 2వ ఉపబ్యాండ్. దీన్ని "ఇరవై మూడు" అని చదవరు, "రెండు, మూడు, పాయింట్ రెండు" అంటారు. వైవాలో ఇక్కడే దొరికిపోతారు.

బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) లెక్క మాత్రం వేరు. అది పీ భుజం కొస నుంచి 1తో మొదలై క్యూ భుజం కొస దాకా వరసగా సాగుతుంది. 11వ క్రోమోజోమ్ మొత్తం పొడవు సుమారు 13.5 కోట్ల బేసులు. సెంట్రోమియర్ దాదాపు 5.3 కోట్ల దగ్గర ఉంటుంది. ఈ రెండు సంఖ్యలు గుర్తుంచుకోండి, మైక్రోస్కోప్ దగ్గర పనికొస్తాయి.

మొదటి అడుగు: సరైన సీక్వెన్స్ తీసుకోండి

ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార భాండాగారం) సైట్‌లో జీన్ విభాగానికి వెళ్లి డీఆర్‌డీ2 అని కొట్టండి. మొదట వచ్చిన దాన్ని కళ్లు మూసుకుని నొక్కొద్దు. ఈ రిసెప్టర్ జన్యువును మొదట క్లోన్ చేసింది మనిషిలో కాదు, ఎలుకలో, 1988లో. అందుకని పెద్ద ఎలుక, చిట్టెలుక, మనిషి ఎంట్రీలు మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. చిట్టెలుకలో ఈ జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పెద్ద ఎలుకలో 8వ దాని మీద. జీవి పేరు హోమో సేపియన్స్ అని, జీన్ నంబర్ 1813 అని చూసుకున్నాకే ముందుకెళ్లండి. ఇంగ్లిష్‌లో మనిషి జన్యువు పేరును అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తారు. ఎలుకలదైతే మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. చిన్న ఆనవాలే, కానీ చాలాసార్లు కాపాడుతుంది.

ఆ పేజీలో కిందికి వెళ్తే రెఫ్‌సీక్ (ప్రామాణికంగా ఎంచిన) ఎంఆర్‌ఎన్‌ఏలు, అంటే జన్యువు నుంచి కణం తీసుకునే నకళ్ల సీక్వెన్స్‌లు ఉంటాయి. మనకు రెండు కావాలి. ఎన్‌ఎం_000795 అనేది పొడుగు రూపం, దాని ప్రొటీన్‌లో 443 అమైనో ఆమ్లాలు. ఎన్‌ఎం_016574 పొట్టి రూపం, అందులో 414. రెండింటినీ ఫాస్టా ఫార్మాట్‌లో తెరిచి నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి. పేరు చివర చుక్క తర్వాత వచ్చే వెర్షన్ నంబర్ కూడా రాసిపెట్టుకోండి. రికార్డులు మారుతుంటాయి, వచ్చే ఏడాది మీ జూనియర్ చూసేది మీరు చూసిందే కాకపోవచ్చు.

ఎంఆర్‌ఎన్‌ఏ బదులు నేరుగా జన్యువు మొత్తం డీఎన్‌ఏను ఎందుకు తీసుకోకూడదు? తీసుకోవచ్చు. కానీ అప్పుడు కంప్యూటర్ రాసి పెట్టుకున్నదాన్నే మళ్లీ కంప్యూటర్‌తో చదివించినట్టు అవుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ కణం లోపల నిజంగా తయారైన సరుకు. అది జీనోమ్ మీద ముక్కలు ముక్కలుగా, వరస తప్పకుండా అతుక్కుంటే జన్యువు అక్కడే ఉందనడానికి గట్టి ఆధారం.

రెండో అడుగు: బ్లాట్

జీనోమ్‌ను మ్యాప్‌లా చూపే యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్‌లో టూల్స్ కింద బ్లాట్ ఉంటుంది. మనమిచ్చిన సీక్వెన్స్ జీనోమ్‌లో ఎక్కడ సరిపోతుందో వెతికే సాధనం అది. జీనోమ్ హ్యూమన్, అసెంబ్లీ (జీనోమ్ రెఫరెన్స్ వెర్షన్) జీఆర్‌సీహెచ్38 అని పెట్టి, పొడుగు రూపం సీక్వెన్స్‌ను అతికించి సబ్‌మిట్ నొక్కండి. రెండు మూడు సెకన్లలో పట్టిక వస్తుంది.

ఆ పట్టికను తొందరపడకుండా చదవాలి. పై వరుసలో ఐడెంటిటీ దాదాపు నూటికి నూరు శాతం ఉండాలి. క్రోమోజోమ్ 11. మొదలు 113.41 మిలియన్ దగ్గర, ముగింపు 113.475 మిలియన్ దగ్గర. మన లెక్కలో 11 కోట్ల 34 లక్షల పైచిలుకు. ఇప్పుడు స్పాన్ అనే గడి చూడండి. మీరు ఇచ్చింది మూడు వేల లోపు బేసులు. అది పరుచుకున్నది మాత్రం సుమారు 66 వేల బేసుల మీద. ఆ తేడా ఇంట్రాన్లది, అంటే ఎంఆర్‌ఎన్‌ఏలో మిగలకుండా తీసేసే ముక్కలది. మిగిలే ముక్కలు ఎక్సాన్లు. ఎనిమిది ఎక్సాన్ల ఈ జన్యువులో ఒక్క మొదటి ఇంట్రానే సగానికి పైగా జాగా ఆక్రమిస్తుంది.

స్ట్రాండ్ (డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏది) గడిలో మైనస్ గుర్తు ఉంటుంది. అంటే ఈ జన్యువును చదివేది కుడి నుంచి ఎడమకు. మొదటి ఎక్సాన్ పెద్ద నంబర్ల వైపు, చివరి ఎక్సాన్ చిన్న నంబర్ల వైపు ఉంటాయి. మైనస్ అని చూసి పొరపాటు జరిగిందేమో అని టెన్షన్ పడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పొరపాటేమీ లేదు. మన జన్యువుల్లో దాదాపు సగం అటువైపు పోగు మీదే ఉన్నాయి.

ఇప్పుడు పొట్టి రూపాన్నీ అలాగే అతికించి, రెండింటినీ బ్రౌజర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. ఒక చోట పొడుగు రూపంలో ఉన్న చిన్న కడ్డీ పొట్టి రూపంలో ఉండదు. అది ఆరో ఎక్సాన్, 87 బేసులు. మూడేసి బేసులకు ఒక అమైనో ఆమ్లం చొప్పున 29. 443లోంచి 29 తీస్తే 414. మొదటి అడుగులో రాసుకున్న అంకెలు ఇక్కడ సరిపోయాయి. ఇలాంటి సరిచూపు లేకుండా బ్లాట్ ఫలితాన్ని రికార్డులో ఎక్కించే పద్ధతి నాకు నచ్చదు.

మూడో అడుగు: ఏ అసెంబ్లీ?

అసెంబ్లీ పేరు లేని నంబర్ దేనికీ పనికిరాదు. మనిషి జీనోమ్ రెఫరెన్స్‌కు 2009లో వచ్చిన జీఆర్‌సీహెచ్37 ఒక వెర్షన్, 2013 చివర్లో వచ్చిన జీఆర్‌సీహెచ్38 ఇంకొకటి. ఖాళీలు లేకుండా కొస నుంచి కొస దాకా చదివిన టీ2టీ-సీహెచ్‌ఎం13 గురించి 2022లో ప్రచురించారు. డీఎన్‌ఏ మారలేదు, మధ్యలో ఖాళీలు నిండేకొద్దీ నంబర్ల లెక్క పక్కకు జరిగింది.

ఎంత జరిగిందో ఒక ఆనవాలుతో చూద్దాం. ఆర్‌ఎస్1800497 అనే తేడా జీఆర్‌సీహెచ్37లో 113,270,828 దగ్గర ఉంటే, జీఆర్‌సీహెచ్38లో 113,400,106 దగ్గర ఉంది. లక్షా 29 వేల పైచిలుకు బేసుల తేడా, అంటే డీఆర్‌డీ2 జన్యువు పొడవుకు దాదాపు రెండింతలు. పాత పేపర్‌లోని నంబర్‌ను కొత్త అసెంబ్లీలో వెతికితే మీరు వేరే జన్యువు గడపలో నిలబడతారు. యూసీఎస్‌సీలోనే లిఫ్ట్‌ఓవర్ అనే సాధనం ఉంది, మార్చుకోవడానికి దాన్ని వాడండి. చేత్తో కూడికలు, తీసివేతలు వద్దు. ఈ తేడా క్రోమోజోమ్ అంతటా ఒకేలా ఉండదు.

నాలుగో అడుగు: ఇరుగుపొరుగును చూడండి

బ్రౌజర్‌లో జూమ్ తగ్గించి అటూ ఇటూ అయిదారు లక్షల బేసులు కనిపించేలా పెట్టండి. చిన్న నంబర్ల నుంచి పెద్ద నంబర్ల వైపు వరస ఇది: ఎన్‌సీఏఎం1, టీటీసీ12, ఏఎన్‌కేకే1, ఆ తర్వాత మన డీఆర్‌డీ2.

ఇప్పుడు ఆ తేడా కథ. 1989 పేపర్‌లో డీఆర్‌డీ2ను 11క్యూ22-క్యూ23కి మ్యాప్ చేస్తూనే, టాక్1 అనే ఎంజైమ్‌తో కోస్తే మనిషికీ మనిషికీ తేడాగా కనిపించే ఒక చోటును కూడా చూపించారు. తర్వాత దానికి టాక్1ఏ అని పేరొచ్చింది. 1990లో దానికీ మద్యం అలవాటుకూ సంబంధం ఉందని ఒక అధ్యయనం వచ్చింది. అక్కడి నుంచి వరసగా పేపర్లు, అన్నిటిలో "డీఆర్‌డీ2లోని తేడా" అనే మాట. 2004లో పక్కనున్న ఏఎన్‌కేకే1 జన్యువును వివరంగా చూసినప్పుడు టాక్1ఏ ఉన్నది దాని ఎక్సాన్‌లోనని తేలింది. పైన చెప్పిన ఆర్‌ఎస్1800497 ఇదే. ఏఎన్‌కేకే1 ప్రొటీన్‌లో 713వ అమైనో ఆమ్లాన్ని అది మారుస్తుంది. డీఆర్‌డీ2 చివరి నుంచి చూస్తే సుమారు తొమ్మిదిన్నర వేల బేసుల దూరం.

ఎవరో అజాగ్రత్తగా ఉండటం వల్ల జరిగింది కాదిది. ఆనాటి పద్ధతులకు అంత సన్నటి చూపు లేదు, అంతే. బ్యాండ్ పేరు చెప్పడం "హన్మకొండకూ కాజీపేటకూ మధ్య" అని చెప్పడం లాంటిది. అబద్ధం కాదు, కానీ ఆ ముక్క పట్టుకుని ఇంటి తలుపు తట్టలేం. మీరు రాసే చిరునామాలో ఏ ముక్క ఏ పద్ధతితో తెలిసిందో విడిగా చెప్పమని పట్టుబట్టేది అందుకే.

పాత పద్ధతులు, కొద్దిగా

జీనోమ్ సీక్వెన్స్ లేని కాలంలో మనిషి కణాన్ని ఎలుక జాతి కణంతో కలిపి హైబ్రిడ్ చేసేవాళ్లు. ఆ హైబ్రిడ్‌లు పెరిగేకొద్దీ మనిషి క్రోమోజోమ్‌లు ఇష్టమొచ్చినట్టు రాలిపోతాయి. పదిపదిహేను హైబ్రిడ్‌లు తీసుకుని, మన జన్యువు ఏ వాటిలో ఉంది, ఏ క్రోమోజోమ్ ఏ వాటిలో మిగిలింది అని పట్టిక వేస్తే, ఏ క్రోమోజోమ్ వరస జన్యువు వరసతో సరిపోతుందో అదే దాని ఇల్లు. రేడియేషన్‌తో క్రోమోజోమ్‌లను ముక్కలు చేసి ఇదే పని ఇంకా సన్నగా చేసేవి రేడియేషన్ హైబ్రిడ్ ప్యానెళ్లు. జీన్‌బ్రిడ్జ్4 ప్యానెల్‌లో 93 హైబ్రిడ్‌లు ఉండేవి. ఇవాళ వీటిని చేయాల్సిన పని లేదు, పరీక్షలో వస్తే రాయగలిగితే చాలు.

ఒక ముచ్చట మాత్రం చెప్పాలి. 1987లో జీ-21 అనే ఒక జన్యువును 5క్యూ11.2-క్యూ13కి మ్యాప్ చేశారు. అది రిసెప్టర్ కుటుంబానిదే అని తెలుసు, కానీ దేనికి రిసెప్టరో తెలియదు. 1988లో తేలింది, అది సెరటోనిన్ 5హెచ్‌టీ1ఏ రిసెప్టర్ జన్యువని. ఏం పని చేస్తుందో తెలియకముందే ఉండే చోటు తెలిసిపోయింది.

అయిదో అడుగు: ఫిష్, కళ్లతో చూడటం

ఫ్లోరెసెన్స్ ఇన్ సిటు హైబ్రిడైజేషన్ పేరు పెద్దది, పని తేలిగ్గా చెప్పొచ్చు. జన్యువు ఉన్న డీఎన్‌ఏ ముక్కకు రంగు కట్టి, స్లయిడ్ మీద పరిచిన క్రోమోజోమ్‌లకు అంటించి, ఎక్కడ వెలుగుతుందో చూడటం. రక్తం తీసే ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత సంతకం తప్పనిసరి. తోటి విద్యార్థి రక్తమైనా సరే.

ఆ రంగు కట్టిన ముక్కే ప్రోబ్. దాంతో మొదలుపెడదాం. బ్రౌజర్‌లో క్లోన్ ట్రాక్‌లు ఆన్ చేసి, డీఆర్‌డీ2ను పూర్తిగా కప్పే ఆర్‌పీ11 లైబ్రరీ బ్యాక్ క్లోన్ (బ్యాక్టీరియాలో దాచిన మనిషి డీఎన్‌ఏ ముక్క) ఒకటి ఎంచుకోండి. వీటిలో మామూలుగా లక్షన్నర, రెండు లక్షల బేసుల ముక్క ఉంటుంది. క్లోన్ చేతికొచ్చాక క్లోరాంఫెనికాల్ ఉన్న మీడియంలో పెంచి, డీఎన్‌ఏ తీసి, డీఆర్‌డీ2 ప్రైమర్లతో పీసీఆర్ చేసి అది మనం అడిగిందేనని నిర్ధారించుకోండి. ట్యూబ్ మీద రాసిన పేరును నమ్మి పని మొదలుపెట్టొద్దు. ఆ తర్వాత నిక్ ట్రాన్స్‌లేషన్‌తో (ఎంజైమ్‌లతో డీఎన్‌ఏకు గాట్లు పెట్టి రంగు చేర్చే పద్ధతి) రంగు కట్టాలి. అయ్యాక కొంచెం జెల్‌లో పరిగెత్తించి చూడండి. ముక్కలు 200 నుంచి 500 బేసుల మధ్య ఉండాలి. అంతకన్నా పొడవుగా ఉంటే స్లయిడ్ అంతా చుక్కలు చల్లినట్టు కనిపిస్తుంది, సిగ్నల్ ఏదో చెత్త ఏదో తెలియదు.

క్రోమోజోమ్‌ల కోసం రక్తాన్ని ఆకుపచ్చ మూత ఉన్న సోడియం హెపారిన్ ట్యూబ్‌లో తీసుకోండి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్ కల్చర్‌కు మంచిది కాదు. 5 మి.లీ. ఆర్‌పీఎంఐ 1640 మీడియంలో సీరం, పీహెచ్‌ఏ (తెల్ల రక్తకణాలు విభజన చెందేలా చేసే పదార్థం) కలిపి, అర మి.లీ. రక్తం వేసి, 37 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచాలి. ఇన్‌క్యుబేటర్‌కు ఇన్వర్టర్ ఉందో లేదో ముందే చూసుకోండి, మూడు రోజుల్లో ఒక్కసారైనా కరెంటు పోకుండా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. చివర్లో కాల్సిమిడ్ (క్రోమోజోమ్‌లు విడివిడిగా కనిపించే మెటాఫేజ్ దశలో విభజనను ఆపేది) వేసి అరగంట దాటాక ఆపండి. ఎక్కువసేపు ఉంచితే క్రోమోజోమ్‌లు కుదించుకుపోయి బ్యాండ్లు కనిపించవు. తర్వాత కణాలు ఉబ్బడానికి 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్, అంటే 100 మి.లీ. నీళ్లలో 0.56 గ్రాములు. 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు. ఆపైన మూడు వంతులు మెథనాల్, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన ఫిక్సేటివ్‌తో, ద్రవం తేటపడేదాకా కడగాలి.

స్లయిడ్ మీద చుక్క వేయడం దగ్గరే అసలు సంగతి. ఏ ప్రొటోకాల్ పుస్తకమూ వరంగల్ ఎండల్ని లెక్కలో పెట్టుకుని రాసింది కాదు. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ ఉండదు. చుక్క పడీపడగానే ఫిక్సేటివ్ ఆరిపోతుంది, కణం విచ్చుకునే టైమే ఉండదు, క్రోమోజోమ్‌లు ఉండలా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో దీనికి తలకిందులు. నెమ్మదిగా ఆరి, కణం బాగా పగిలి, ఒక కణం క్రోమోజోమ్‌లు పక్క కణానివాటితో కలిసిపోతాయి. తేమ 50 శాతం, గది 25 డిగ్రీలు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఎండాకాలంలో వాటర్ బాత్ మూత తీసి, లేచే ఆవిరి మీద స్లయిడ్‌ను ఒక్క క్షణం పట్టి అప్పుడు చుక్క వేయండి. వానాకాలంలో చుక్క వేసిన వెంటనే గోరువెచ్చటి ప్లేట్ మీద పెట్టండి. మొదటి స్లయిడ్‌ను ఫేజ్ కాంట్రాస్ట్ కింద చూసుకున్నాకే మిగతావి వేయండి. క్రోమోజోమ్‌ల చుట్టూ బూడిద రంగు మసక ఉంటే అది కడిగినా పోని సైటోప్లాజం. దాన్ని దాటి ప్రోబ్ లోపలికి వెళ్లదు, పెలెట్‌ను (ట్యూబ్ అడుగున చేరిన కణాల ముద్దను) ఇంకోసారి ఫిక్సేటివ్‌తో కడగండి.

హైబ్రిడైజేషన్ రోజు చేసే పని ఇది. స్లయిడ్‌ను 70 శాతం ఫార్మమైడ్‌లో 72 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచి, పోగులు విడిపోగానే చల్లటి ఆల్కహాల్‌లోకి మార్చండి. ఫార్మమైడ్ గర్భిణులకు ప్రమాదం, ఎవరికైనా మంచిది కాదు, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు. ప్రోబ్‌లో కాట్-1 డీఎన్‌ఏ కలిపి, వేడి చేసి, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. బ్యాక్‌లో ఉండే పునరావృత సీక్వెన్స్‌లను కాట్-1 ముందే కప్పేస్తుంది. అది మరచిపోతే 46 క్రోమోజోమ్‌లూ వెలుగుతాయి. ప్రోబ్‌ను స్లయిడ్ మీద వేసి, కవర్‌స్లిప్ అంచులు రబ్బర్ సిమెంట్‌తో మూసి, తడి డబ్బాలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయండి. మర్నాడు 0.4 ఎస్‌ఎస్‌సీ అనే ఉప్పు ద్రావణంలో 72 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు కడిగి, డాపీ (డీఎన్‌ఏకు అంటే నీలి రంగు) వేసి మూసేయండి.

ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్, సరైన ఫిల్టర్లు దగ్గరలో లేకపోతే గైడ్ ద్వారా ముందే ఉత్తరం రాయించి హైదరాబాద్‌లోని సైటోజెనెటిక్స్ ల్యాబ్‌లో టైం అడగండి. కాజీపేటలో రైలెక్కేటప్పుడు చేతిలో ఉండాల్సింది ఆరిన స్లయిడ్ల డబ్బా మాత్రమే. మెథనాల్ ఉన్న పెలెట్ ట్యూబులు రైల్లో తీసుకెళ్లకూడదు, అది మండే ద్రవం. ఎలాగూ కొంచెం పాతబడిన స్లయిడ్ ఫిష్‌కు ఇంకా బాగుంటుంది.

ఆరో అడుగు: సిగ్నల్ చదవడం

కనీసం 20 మెటాఫేజ్‌లు చూడండి. ఒక్కో దానిలో రెండు 11వ క్రోమోజోమ్‌లు, ఒక్కో క్రోమోజోమ్‌లో రెండు క్రోమాటిడ్‌లు (అతుక్కుని ఉన్న జంట నకళ్లు). అంటే చక్కటి మెటాఫేజ్‌లో జంట చుక్కలు రెండు చోట్ల కనిపించాలి. ఒంటరి చుక్కను లెక్కలోకి తీసుకోవద్దు. అది 11వ క్రోమోజోమే అనడానికి దాని సెంట్రోమియర్ ప్రోబ్‌ను వేరే రంగులో కలిపి వేసుకోండి.

చోటును కొలవడానికి నాకు నచ్చిన పద్ధతి: ఫొటోలో పీ భుజం కొస నుంచి చుక్క దాకా దూరాన్ని క్రోమోజోమ్ మొత్తం పొడవుతో భాగించండి. సీక్వెన్స్ లెక్క ప్రకారం 113.4ను 135.1తో భాగిస్తే 0.84 వస్తుంది. మీ కొలతల సగటు దాని చుట్టుపక్కలే రావాలి. సెంట్రోమియర్ 0.40 దగ్గర రావాలి. సెంట్రోమియరే తేడాగా వస్తోందంటే క్రోమోజోమ్ వంగి ఉంది, ఆ ఫొటో పక్కన పెట్టండి.

ఇంకా గట్టి ఆధారం కావాలంటే మైలురాళ్లు ఉన్నాయి. రక్త క్యాన్సర్ పరీక్షల కోసం ఏటీఎం, కేఎంటీ2ఏ జన్యువుల ప్రోబ్‌లు చాలా ల్యాబ్‌లలో ఎప్పుడూ ఉంటాయి. జీఆర్‌సీహెచ్38లో ఏటీఎం 10.82 కోట్ల దగ్గర మొదలవుతుంది, కేఎంటీ2ఏ 11.84 కోట్ల దగ్గర. మన డీఆర్‌డీ2 రెండింటికీ సరిగ్గా నడుమ, ఇటు 50 లక్షలు, అటు 50 లక్షల బేసుల దూరంలో ఉంటుంది. మెటాఫేజ్ మీద ఇరవై ముప్పై లక్షలు దాటిన దూరం కంటికి తెలుస్తుంది. ఆ ప్రోబ్ ఏ రంగులో వస్తుందో చూసుకుని మీదానికి వేరే రంగు పెట్టండి. సెంట్రోమియర్ నుంచి ఏటీఎం, డీఆర్‌డీ2, కేఎంటీ2ఏ అనే వరస కనిపిస్తే కంప్యూటర్ చెప్పినదాన్ని మీరు విడిగా రుజువు చేసినట్టే.

ఫిష్ దేన్ని రుజువు చేయలేదో కూడా తెలుసుకోండి. మీ బ్యాక్ ముక్క లక్షన్నర బేసులదైతే అందులో డీఆర్‌డీ2తోపాటు పక్కనే ఉన్న ఏఎన్‌కేకే1 కూడా దాదాపుగా వచ్చేసి ఉంటుంది. ఆ రెండింటినీ వేరుచేసి చూపడం ఈ మైక్రోస్కోప్ వల్ల కాదు. అది సీక్వెన్స్ పని.

రికార్డులో రాయడం

రెండు వాక్యాలు విడివిడిగా రాయండి. మొదటిది: "రెఫ్‌సీక్ ఎంఆర్‌ఎన్‌ఏను జీఆర్‌సీహెచ్38తో పోల్చగా డీఆర్‌డీ2 జన్యువు 11వ క్రోమోజోమ్ మైనస్ పోగు మీద 113.41 నుంచి 113.475 మిలియన్ బేసుల మధ్య, 11క్యూ23.2లో ఉన్నట్టు తేలింది." రెండోది: "ఆ జన్యువును కప్పే బ్యాక్ ప్రోబ్ ఫిష్‌లో 11క్యూ23 ప్రాంతంలో సిగ్నల్ ఇచ్చింది." ఫిష్ వాక్యంలో పాయింట్ రెండు అని రాయొద్దు. మామూలు మెటాఫేజ్‌లో ఉపబ్యాండ్ కనిపించదు, కనిపించనిది రాస్తే ఎగ్జామినర్ మొదట పట్టుకునేది అదే. క్లోన్ పేరు, ఎంఆర్‌ఎన్‌ఏ వెర్షన్, ఎన్ని మెటాఫేజ్‌లు చూశారు, ఎన్నింటిలో జంట చుక్కలు వచ్చాయి అన్నవి కిందనే ఉండాలి.

ఇదంతా వచ్చాక డీఆర్‌డీ5తో ఒంటరిగా ప్రయత్నించండి. అది 4పీ16.1లో ఉంది, ప్రొటీన్‌ను రాసే భాగంలో ఇంట్రాన్లు లేవు, కాబట్టి డీఆర్‌డీ2లో లాగా ఎక్సాన్ల వరస చూసి నిర్ధారించుకునే వీలుండదు. పైగా దానికి చాలా దగ్గర పోలికతో రెండు సూడోజీన్‌లు (పనిచేయని నకలు జన్యువులు) ఉన్నాయి, ఒకటి 1వ క్రోమోజోమ్ మీద, ఇంకొకటి 2వ దాని మీద. బ్లాట్ మూడు చోట్లా చూపిస్తుంది. అసలుదాంట్లో ప్రొటీన్ చదివే వరస ఎక్కడా తెగకుండా చివరిదాకా సాగుతుంది, నకళ్లలో మధ్యలోనే స్టాప్ కోడాన్ వచ్చి ఆగిపోతుంది. ఆ ఒక్క తేడాను మూడు సీక్వెన్స్‌లలోనూ వేలు పెట్టి చూపించగలగాలి.